గన్నేరు హాక్‌మాత్: నామము, చరిత్ర, జీవనము

బెంగుళూరునకు ఆగ్నేయమున వెలసిన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు హోసూరు, సర్జాపుర మార్గముల పేళ్లే పేరైనవి. తెలుగు కుటుంబములు పెక్కు నివసించు ఆ పేటలో గన్నేరు, నందివర్ధనము పూజాపుష్పములుగా ఆదరము పొందుచున్నవి. వాని ఆకులను తినివేయు పచ్చని గొంగళిపురుగునకు మాత్రము ఆ ఆదరము లేదు. అదియే పెరిగి గన్నేరు హాక్‌మాత్ అను రాత్రి సీతాకోకచిలుక యగును.

1758లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి ‘స్ఫింక్స్ నీరియై’ అని పేరిడెను. తలయెత్తి కదలక నిలుచు గొంగళి భంగిమ ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహమును తలపించును, నీరియమనగా గన్నేరు. 1819లో హ్యూబ్నరు కల్పించిన ప్రజాతిలో చేరి నేడిది ‘డాఫ్నిస్ నీరియై’గా వ్యవహరింపబడుచున్నది. అయితే ఉత్తర ఐరోపాకు ఇది వేసవిలో వచ్చిపోవు అతిథి మాత్రమే. దక్షిణ భారతమున స్థిరనివాసి. ఇచట గన్నేరే గాక నందివర్ధనము, బిళ్ళగన్నేరు కూడ దీనికి ఆహారములు. కావున ఆ నామము దీని జీవనమున ఒక పార్శ్వమునే తెలుపును. భారతదేశపు హాక్‌మాత్‌లపై సమగ్ర గ్రంథమును 1937లో బెల్, స్కాట్ అనువారు వెలువరించిరి. బెల్ కార్వారు ప్రాంతపు అటవీశాఖాధికారి. గొంగళులను పెంచి పరిశీలించినవాడు.

గొంగళి తల వెనుక నీలితెలుపు కన్నుల వంటి రెండు మచ్చలు, తోకపై చిన్న కొమ్ము ఉండును. బెదరినపుడు ఆ మచ్చలను ఉబ్బించి చూపును. అది కుట్టదు. ప్యూపా దశకు ముందు గోధుమవన్నె దాల్చి నేలకు దిగి, రాలుటాకులలో ఒదుగును. రెక్కలు వచ్చిన పిదప సంధ్యవేళ గాలిలో నిలిచి, పొడవైన తుండముతో మకరందము గ్రోలును.

గన్నేరు పశువులకు, మనుష్యులకు ప్రాణాంతకము. దాని విషము జీవకణములలోని సోడియము పంపును స్తంభింపజేయును. ఈ పురుగు పంపు సైతము ఆ విషమునకు లొంగునదేయని 2009లో తేలినది. మరి బ్రతుకుట యెట్లు? నాడీతంతువుల చుట్టునున్న పొర విషమును లోనికి రానీయదని 2013 నాటి పరిశోధన చూపినది.

బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రమున, ఎగురునపుడు దీని స్పర్శశృంగములు నిలకడగా నుండు విధమును శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. 2019లో ఆ ఫలితములు ప్రకటితమైనవి. పెరటిలో నలిపివేయబడు పురుగే ప్రయోగశాలలో గురువైనది. నాలుగు ఆకులు పోయినను మొక్క తిరిగి చిగిర్చును. గొంగళిని చంపినచో సంధ్యవేళ పూవు నాశ్రయించు చిలుక ఉండదు.