తుంగభద్ర వరద: నష్టం జాబితాలో వాడ ఎక్కడ?

ఆదోని, ఎమ్మిగనూరు అనగానే కరువు, సుగ్గి గుర్తొస్తాయి. పంట చేతికిరాని ఏడాది కూలీలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరపచేలకో, బెంగళూరుకో పోతారు. అదే ప్రాంతపు ఉత్తరపు అంచున తుంగభద్ర పారుతుంది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల ఏటిగడ్డ పల్లెలకు కరువూ ఉంది, వరదా ఉంది.

2009లో ఏం జరిగింది?

సెప్టెంబరు నెలాఖరున ఉత్తర కర్ణాటకలో, కర్నూలు జిల్లాలో కుండపోత వానలు పడ్డాయి. తుంగభద్ర పొంగి మంత్రాలయం మఠాన్ని ముంచెత్తింది. ఎమ్మిగనూరు దగ్గరి నాగలదిన్నె మునిగింది. అక్కడి వంతెన కొట్టుకుపోయింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోకి తీసుకుని కట్టిన శ్రీశైలం డ్యాంకు 25 లక్షలకు పైగా వచ్చింది.

నీటికి కులం లేదు, ఊరికి ఉంది

ఎవరి ఇల్లు ఎక్కడుండాలో వరద కంటే ముందే కులం నిర్ణయించింది. వాడ పల్లంలోనో, వంక పక్కనో ఉన్నచోట నీళ్లు ముందు అక్కడికే వస్తాయి, చివరగా అక్కడినుంచే పోతాయి. నానిన మట్టిగోడలు కొన్ని నీళ్లు తీశాక, ఎండ కాశాక కూలుతాయి. అప్పటికి నష్టం లెక్కించే సిబ్బంది వచ్చి వెళ్లిపోతే ఆ ఇల్లు జాబితాకెక్కదు. పట్టా లేని పోరంబోకు గుడిసెకు రుజువు చూపడం ఇంకా కష్టం.

పంట నష్టంలోనూ ఇదే తీరు. పరిహారం రికార్డులో పేరున్నవారి వైపే నడుస్తుంది. కౌలుదారుల కోసం 2019లో రాష్ట్రం చట్టం తెచ్చినా, సాగు హక్కు పత్రానికి భూయజమాని ఒప్పుకోలు కావాలి. నోటిమాట మీద కౌలుకు చేసే దళిత రైతుకు పెట్టుబడీ పోతుంది, పరిహారమూ రాదు. పత్తిచేను కుళ్లిపోతే రైతు నష్టం ఎకరాల్లో రాస్తారు. ఆ చేలో పత్తి తీసే ఆడకూలీల పనిదినాలను ఏ గడిలో రాస్తారు? ఆ కుటుంబాలకు మిగిలేది మళ్లీ సుగ్గే.

చట్టం ఏం చెబుతోంది?

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయ పంపిణీలో దళితుల పట్ల వివక్ష వెలుగుచూసింది. 2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షన్ పరిహారం, సహాయం ఇవ్వడంలో కులం, మతం, లింగం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది. 12వ సెక్షన్ కింద ఆశ్రయం, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యానికి కనీస ప్రమాణాలు ఉండాలి. ఇళ్ల నష్టానికీ, జీవనోపాధి పునరుద్ధరణకూ సాయం గురించి కూడా అదే సెక్షన్ చెబుతుంది.

ముప్పు తీరిపోలేదు

2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. కింద ఈ మండలాలన్నీ అప్రమత్తం కావాల్సి వచ్చింది. అందుకే పని వరద రాకముందే మొదలవ్వాలని మేము అంటున్నాం. వాడల్లో ఇళ్లు, పశువులు, కౌలు భూముల వివరాలు ఫోటోలతో ముందే రాసిపెట్టుకోవాలి. నష్టం జాబితాను గ్రామసభలో, వాడలోనూ చదివించాలి. నీళ్లు తీశాక కూలిన ఇళ్లకోసం రెండోసారి లెక్క అడగాలి. అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. పేరు జాబితాలో లేకపోతే చట్టం ఎంత బాగున్నా ఇంటిదాకా రాదు.