ఉప్పు బావి, మంచినీళ్ళ బావి

కర్నూలు, కడప వైపు చాలా పల్లెల్లో బావులకు రెండే పేర్లు: ఉప్పు బావి, మంచినీళ్ళ బావి. ఆ తేడా చెప్పింది కడవలు మోసిన ఆడవాళ్ళ నాలుకే. ఏ నీళ్ళలో కందిపప్పు మెత్తగా ఉడుకుతుందో, ఏ నీళ్ళలో రాయిలా ఉండిపోతుందో వాళ్ళకు తెలుసు. కానీ దాన్ని వంటింటి గొడవ అన్నారే గాని, శాస్త్రమని ఎవరన్నారు?

అమెరికాలో ఒకావిడ అంది. ఎలెన్ స్వాలో అని, 1842లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఓ పల్లెలో పుట్టింది. 1870లో బోస్టన్ టెక్నాలజీ విద్యాలయంలో రసాయనశాస్త్రం చదవడానికి ఆమెకు ప్రవేశం దొరికింది. అంతవరకూ అక్కడ ఆడపిల్ల లేదు. ఫీజు అక్కర్లేదన్నారు. జాలిపడి కాదండోయ్! రేపు ఎవరైనా అభ్యంతరం పెడితే, ఆమె మా విద్యార్థినే కాదని తప్పించుకోవడానికి. ఆమె సూదీ దారం దగ్గర పెట్టుకుని, ప్రొఫెసర్లకు చిరుగులు కుట్టిపెడుతూ, బల్లల దుమ్ము దులుపుతూ చదివింది. 1873లో పట్టా పుచ్చుకుంది. రెండేళ్ళకు అక్కడి గనుల ప్రొఫెసరు రిచర్డ్స్‌ను పెళ్ళాడింది.

1887 నుంచి ఆ రాష్ట్రపు నీళ్ళన్నీ పరీక్షించే పని ఆమె మీద పడింది. వేలకొద్దీ సీసాలు! సముద్రం దగ్గరయ్యే కొద్దీ నీళ్ళలో ఉప్పు సహజంగానే ఎక్కువ. ఏ చోట ఎంత ఉండాలో పటం గీశారు. ఆ లెక్కకు మించి ఉప్పు తేలితే, మురుగు కలిసిందన్నమాట. (మన ఉప్పు బావుల సంగతి వేరు, ఆ ఉప్పు చాలావరకు నేలలోదే.)

1890లో బోస్టన్‌లో కూలీల కోసం చవగ్గా, బలమైన తిండి పెట్టే వంటశాల తెరిచింది. అక్కడ మాత్రం దెబ్బతింది. వలస వచ్చిన జనానికి ఆ చప్పిడి సూపులు సహించలేదు. బలమెంతో లెక్క కట్టింది గాని, తినేవాళ్ళ నాలుకను అడగలేదు. మన వైపు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రన్నం, జొన్నరొట్టె వెనక్కి జరిగాయి. వాటినే ఇప్పుడు షుగరు డాక్టర్లు చీటీ మీద రాస్తున్నారు. అప్పుడూ ఇంతే, పళ్ళెం ముందు కూర్చున్నవాళ్ళను అడిగిందెవరు?

1899లో లేక్ ప్లాసిడ్‌లో కొంతమందిని కూర్చోబెట్టి, ఇంటి పనిని చదువుగా మార్చే సభలు మొదలుపెట్టింది. గృహవిజ్ఞానానికి హోమ్ ఎకనామిక్స్ అన్న పేరు స్థిరపడింది అక్కడే. 1908లో ఏర్పడిన సంఘానికి తొలి అధ్యక్షురాలు ఆమే. మన దేశంలో ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీ 1932లో ఈ చదువే మొదలుపెట్టింది.

ఆ బోస్టన్ విద్యాలయంలో 1884 నుంచి 1911లో కన్నుమూసేదాకా ఆమె పాఠం చెప్పింది. ఉద్యోగం పేరు ఇన్‌స్ట్రక్టర్. భర్త ప్రొఫెసరు. ఆమెను మాత్రం ప్రొఫెసర్‌ని చెయ్యలేదు.