బాక్టీరియా మారలేదు, గీత మారింది

కల్చర్ రిపోర్టు ఎప్పుడైనా చూసారా? మందుల పేర్ల పక్కన ఎస్, ఐ, ఆర్ అని అక్షరాలుంటాయి. ఎస్ అంటే బాక్టీరియా ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ అంటే మధ్యరకం. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నాకొచ్చే ప్రశ్న ఒకటే: ఈ గీత ఎక్కడ గీసారు, ఏ లెక్కన గీసారు?

ల్యాబులో కొలిచేది ఎంఐసీ, అంటే బాక్టీరియా పెరగకుండా ఆపగలిగే కనీస మందు. కానీ గాజు గొట్టంలో బాక్టీరియా ఉంటుంది గానీ మనిషి ఉండడు. ఒంట్లోకెళ్ళిన మందు గంటగంటకీ తగ్గిపోతూ ఉంటుంది.

1950లో అమెరికాలో హ్యారీ ఈగిల్ బృందం చెప్పిందేంటంటే, పెన్సిలిన్ ఒకేసారి ఎంత ఎక్కించామన్నది కాదు, చాలినంత మందు ఒంట్లో ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం అని. తర్వాత విస్కాన్సిన్‌లో విలియం క్రెయిగ్ దాన్ని ఎలుకల మీద ప్రయోగాలతో లెక్కల్లోకి తెచ్చాడు. డోసుకీ డోసుకీ మధ్య దాదాపు సగం సేపు మందు ఎంఐసీకి పైన ఉంటే పెన్సిలిన్ జాతి మందులు బాగా పనిచేస్తాయి.

ఇప్పుడు న్యూమోకాకస్ సంగతి చూద్దాం. న్యుమోనియా, మెనింజైటిస్ రెండూ తెస్తుందిది. పాత గీత ప్రకారం ఎంఐసీ 0.06 మైక్రోగ్రాముల వరకే ఎస్, 2 నుంచి ఆర్, జబ్బు ఏదైనా సరే. వెన్నుద్రవంలోకి పెన్సిలిన్ కొంచెమే చేరుతుంది కాబట్టి మెనింజైటిస్‌కి ఆ జాగ్రత్త సబబే. కానీ నరానికిచ్చిన పెన్సిలిన్ రక్తంలో దండిగా ఉంటుంది, న్యుమోనియాకీ అదే గీత ఎందుకు?

2008 జనవరిలో అమెరికాలోని సీఎల్ఎస్ఐ ఆ గీతని రెండు చేసింది. నరానికి పెన్సిలిన్ ఇచ్చే న్యుమోనియాకి 2 వరకూ ఎస్, 8 నుంచి ఆర్. మెనింజైటిస్‌కి 0.06 వరకే ఎస్, 0.12 నుంచే ఆర్. 2006-07 నమూనాలకి కొత్త గీత పెట్టి చూస్తే, మెనింజైటిస్ కాని కేసుల్లో లొంగేవి సుమారు 75 శాతం నుంచి 93 శాతానికి పెరిగాయి. వాటిలో ఒక్క జన్యువూ మారలేదు!

ఇదేదో కాగితం మీద ఆట అనుకోకండి. గీత మరీ కిందుంటే, చవకైన పెన్సిలిన్‌తో తగ్గే రోగికి పెద్ద మందులు వాడి, వాటికీ బాక్టీరియాని మొండిగా తయారుచేస్తాం. మరీ పైనుంటే, ఎస్ అని రాసిన మందు పడుతుండగానే మెనింజైటిస్ వచ్చిన పిల్లాడి ప్రాణం పోవచ్చు.

అందుకే "రెసిస్టెన్స్ ఇంత శాతం తగ్గింది" అని పేపర్లో చదివినప్పుడు సంతోషించే ముందు ఒక్క మాట అడగండి: రెండేళ్ళకీ గీత ఒకటేనా?