సెలవు లెక్క: అమీర్‌పేట, పంజాగుట్ట కొలువుల్లో విహారానికి పట్టిన బెరుకు

హైదరాబాదు నడిబొడ్డునున్న అమీర్‌పేట, పంజాగుట్టల్లో కొలువు చేసేవారికి, నాలుగు రోజులు సెలవు పెట్టి ఆలుబిడ్డలతో ఊళ్లు చూసిరావాలన్న ఉత్సాహం వెంటే ఏదో పోగొట్టుకుంటున్నామన్న బెరుకు కూడా కలగడం ఇవాళ్టి విషయం కాదు. దాన్ని మనుషుల స్వభావానికో పై అధికారి ముందు మొహమాటానికో అంటగట్టడం తేలికే గాని, అందులో పెద్ద పాలు సెలవును చట్టాలూ నియమాలూ లెక్కగట్టిన తీరులోంచే వచ్చింది.

జీతంతో కూడిన వార్షిక సెలవు కార్మికుడి హక్కని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లో ఒప్పందం చేసింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజుల పనికీ ఒక రోజు చొప్పున సెలవు జమకట్టింది. అమీర్‌పేటకు దగ్గరలోని సనత్‌నగర్‌లో, ఆల్విన్ వంటి కర్మాగారాల కార్మికులకు వర్తించినది ఈ లెక్కే.

లెక్క చిక్కబడింది మాత్రం సర్కారు కొలువులోనే. మద్రాసు రాష్ట్రం నుంచి సంక్రమించిన 1933 నాటి సెలవు నియమాల ప్రకారం ఉద్యోగి ఖాతాలో చేరే ఆర్జిత సెలవును, అంటే పనిచేసిన కాలానికి ప్రతిగా జమయ్యే సెలవును, వాడుకోకుండా ప్రభుత్వానికే తిరిగి ఇచ్చి ఆ రోజుల జీతం పుచ్చుకోవచ్చు. దీన్నే ఆఫీసుల్లో సరెండర్ లీవు అంటారు. ఏడాదికి 15 రోజులు ఇలా మార్చుకోవచ్చు, మిగిలినవి పదవీ విరమణ నాటికి 300 రోజుల దాకా నగదవుతాయి. ఎర్రమంజిల్‌లోని నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధలో పనిచేసే ఇంజనీరైనా గుమాస్తా అయినా, తిరుపతికో ఊటీకో ఖర్చుపెట్టిన పది రోజులను ఇంటి పద్దులో పది రోజుల జీతం కింద చూసుకోవడం పిసినారితనమనలేము, ఎందుకంటే ఆ వెల కట్టింది ప్రభుత్వమే. ఇందుకు ఎదురుగా, కేంద్ర ఉద్యోగులకు 1956లో వచ్చిన ఎల్‌టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ, కదలమని పోరుతుంది: రెండేళ్లకోసారి సొంతూరికి, నాలుగేళ్ల కాలావధిలో ఒకసారి దేశంలో ఎక్కడికైనా కుటుంబానికి ప్రయాణ ఛార్జీలిచ్చి, బసనూ భోజనాన్నీ ఉద్యోగి జేబుకే వదిలేస్తుంది. ఆ కాలావధి ముగియవస్తుంటే, చూడాలన్న కోరిక కన్నా మురిగిపోతుందన్న భయమే ఎక్కువమందిని రైలెక్కిస్తుంది. ప్రయాణానికి వెళుతూనే పది రోజుల ఆర్జిత సెలవును అమ్ముకునే వీలు కూడా అదే ఉద్యోగికి ఉంది గనుక, వెళ్లాలనీ మిగుల్చుకోవాలనీ రెండు మనసులు ఒకే దరఖాస్తులో కనిపిస్తాయి.

దుకాణాల సంగతి వేరు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 240 రోజుల పని మీద 15 రోజుల వేతన సెలవునిచ్చినా, పిల్లల బడులు మూసే దసరా, సంక్రాంతి రోజులే పంజాగుట్ట నగల కొట్లకూ అమీర్‌పేట చీరల కొట్లకూ అసలైన బేరాల రోజులు. కాగితం మీది హక్కుకు అడ్డుపడేది ఇక్కడ పంచాంగమే.

1990ల చివర వైటూకే సమస్య, అంటే 2000 సంవత్సరపు అంకెలను పాత ప్రోగ్రాములు సరిగా గుర్తించలేవన్న చిక్కు, ప్రోగ్రామర్లకు గిరాకీ తెచ్చాక అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలు మొలిచాయి. రోజూ కంపెనీలో పనిచేసేవారే తెల్లవారుజామునా శని, ఆదివారాల్లోనూ వచ్చి పాఠం చెప్పేవారు. వారాంతపు బ్యాచ్ నడిపే ఇంట్లో సెలవు దినమే రెండో జీతం. విద్యార్థికేమో, పండక్కి ఊరెళితే జరిగిపోయే రెండు క్లాసులు, ఆ తర్వాత ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలూ బెంగ.

2020 అక్టోబరులో, కొవిడ్ వల్ల ప్రయాణాలు ఆగిన వేళ, కేంద్రం ఎల్‌టీసీకి బదులు మరో దారి చూపింది: ఛార్జీకి మూడు రెట్ల సొమ్ముతో, 12 శాతం లేదా అంతకు మించి జీఎస్‌టీ ఉన్న వస్తువులు డిజిటల్ చెల్లింపుతో కొని, 2021 మార్చి 31లోగా బిల్లు పెడితే చాలు, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. షోరూముల వరుసలున్న పంజాగుట్ట వంటి చోట, కుటుంబ విహారం ఆ ఏడాది ఫ్రిజ్ బిల్లుగానో టీవీ బిల్లుగానో ఆఫీసు ఫైలుకెక్కే వీలు అలా కలిగింది.