చీకటిలో వెలిగిన డయలు

అపురూపమైన పాత చేతిగడియారము అమ్మకమునకు వచ్చినపుడు, డయలు అసలుదైనచో పలుకు వెల వేరు. మరల రంగు పూసి అక్షరములు ముద్రించినదైనచో వెల వేరు. రెండింటిని కంటితో వేరుపరచుట నిపుణులకును కష్టమే. అయితే 1960కి పూర్వపు అనేక డయళ్లలో అంకెలపై ఒక సాక్షి యున్నది. అది రేడియము.

1898లో క్యూరీ దంపతులు కనుగొన్న ఈ మూలకమును జింకు సల్ఫైడుతో కలిపినచో ఆ మిశ్రమము రాత్రియంతయు వెలుగును. మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో ఇట్టి గడియారములు సైనికులకు ఎంతో అక్కరకు వచ్చినవి. అమెరికాలోని ఆరెంజ్ పట్టణమున కుంచెమొనను పెదవులతో సన్నము చేయుచు ఈ పూత పూసిన యువతులు పలువురు దవడ ఎముకలు కుళ్లి మరణించిరి. వారిలో ఐదుగురు వేసిన దావా 1928లో రాజీతో ముగిసినది.

రేడియము సగమగుటకు దాదాపు 1600 సంవత్సరములు పట్టును. 80 ఏండ్లలో తరుగునది నూటికి మూడు, నాలుగు పాళ్లే. వెలుగు మాత్రము అంతకాలము నిలువదు. ఆల్ఫా కణముల తాకిడికి జింకు సల్ఫైడు స్ఫటికములు ఎంతో ముందే చెడిపోవును. కనుక 1945 నాటిదని చెప్పు డయలు నేటికిని చీకటిలో ధగధగలాడుచున్నచో సంతోషింపక సందేహింపవలెను. గైగర్ గణకమును అద్దమునకు చేర్చినచో రేడియము టకటకమని పలుకును. 1990ల నాటి స్ట్రాన్షియం అల్యూమినేటు పూత పలుకదు.

1960లలో వ్యాపించిన ట్రిటియము సంగతి వేరు. దాని బలహీనమైన బీటా కణములు అద్దమును దాటలేవు. గణకము ఊరకుండుట అచట దోషము కాదు. స్విట్జర్లాండు డయళ్లపై అడుగున ‘స్విస్’ అను మాటకు ఇరువైపుల ‘టి’ అను ఇంగ్లీషు అక్షరమును వెదకవలెను. పునర్ముద్రణలో తరచుగా జారిపోవునది ఈ చిన్న వ్రాతయే.

గణకము పలికినంతమాత్రమున డయలు అసలుదని తీర్పు చెప్పరాదు. ఆ రోజులలో మరమ్మతు చేసినవారును రేడియమునే పూసిరి గదా! ఇంతకంటె నమ్మదగినది ఒక మచ్చ. గడియారము ఏండ్ల తరబడి ఆగిపోయి యున్నపుడు ముళ్ల పూతనుండి వెలువడు వికిరణము వాటి క్రింద డయలును గోధుమవన్నెకు మాడ్చును. ఆ నీడ ముల్లు ఆకారమునకు సరిపోయినచో ఆ రెండును చిరకాలము కలిసి యున్నవనుట స్పష్టము. క్రొత్తగా రంగు వేయువాడు మొదట చెరిపివేయునది ఆ మచ్చనే.

ఈ పరీక్షలన్నియు అద్దము తీయకయే జరుపవలెను. పాత పూత పొడియై రాలును. ఆ పొడి ఊపిరితో లోనికి పోయినచో, దానిలోని రేడియము కాల్షియమువలె ఎముకలలో చేరును.