రాగిరేకు దాచింది, గొంతు నిలిపింది

కుంభకోణం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా రాధాకృష్ణుల పెళ్లిని భజనతో చేసే రాధాకల్యాణం జరుగుతుంటే వెళ్లి ఓ మూల కూర్చోండి. పలకరింపులు తమిళం, వంటశాలలో కేకలు తమిళం. ఇంతలో భజన నడిపించే భాగవతార్ తాళాలు అందుకుని తోడయమంగళం ఎత్తుకుంటారు. ఆయన ఒక పాదం పాడితే గోష్ఠి అంతా తిరిగి అంటుంది. చెవి ఒగ్గి వింటే సంస్కృత సమాసాల మధ్య మన విభక్తులు, మన క్రియలు వినబడతాయి. భజనకు నాందిగా పాడే ఈ వరసలో భద్రాచల రామదాసు ఉన్నాడు, తాళ్లపాక అన్నమయ్య ఉన్నాడు.

కావేరి ఒడ్డుకు తెలుగు వచ్చిన దారి రాచబాట. 1532 ప్రాంతంలో మొదలైన తంజావూరు నాయక రాజుల కొలువులో తెలుగే ఏలింది. తర్వాత వచ్చిన మరాఠా ప్రభువులూ దాన్ని కాదనలేదు. ఆ నేల మీదే బోధేంద్ర సరస్వతి, శ్రీధర వెంకటేశ అయ్యావాళ్ నామజపాన్ని నలుగురూ కలిసి చేసే సాధనగా నిలబెట్టారు. ఏ పాట తర్వాత ఏది అనే పద్ధతిని మరుదానల్లూరు సద్గురుస్వామి కుదిర్చారు. బోధేంద్రుల సమాధి ఉన్న గోవిందపురం, అయ్యావాళ్ నివసించిన తిరువిసనల్లూరు, ఈ మరుదానల్లూరు మూడూ కుంభకోణానికి కూతవేటు దూరమే.

ఆ పద్ధతిలో తోడయం తర్వాత గురుస్తుతి, జయదేవుడి అష్టపదులు, నారాయణతీర్థుల తరంగాలు వస్తాయి. అయిదుగురి పాటలు కూర్చిన పంచపదిలో రామదాసు తెలుగు, పురందరదాసు కన్నడం, సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృతం, గోపాలకృష్ణ భారతి తమిళం ఒకే పంక్తిలో కూర్చుంటాయి. అయిదో విస్తరి త్యాగరాజుది, మళ్లీ తెలుగే. రాత్రి పొద్దుపోయాక నట్టింట దీపస్తంభం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ అడుగు వేస్తూ దివ్యనామాలు పాడతారు. త్యాగరాజు (1767–1847) దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఇలాంటి గోష్ఠికి అతికినట్టు సరిపోతాయి. చిన్న చరణాలు, ఒకటే వరస. కొత్తగా వచ్చినవాడికి సంగీతం రానక్కర్లేదు. మొదటి చరణానికి వింటాడు, రెండోదానికి పెదవి కదుపుతాడు, మూడోదానికి గొంతు కలుపుతాడు.

ఈ గొంతు కలపడమే ఒక పెద్ద పని చేసిపెట్టింది. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలను తాళ్లపాకవారు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. దొరికినవే 12,000కు పైన. రేకు మీద రాగం పేరుంది, పాడే వరస లేదు. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పూనుకొని పరిష్కరించే దాకా ఆ నిధిలో చాలా భాగం మనకే తెలియదు. అంత కాలమూ కావేరి గట్టు భజనల్లో మాత్రం ఆయన పాటలు రెండు మూడు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. రాగి వేల పాటలను దాచింది. గోష్ఠి దాచింది గుప్పెడే, కానీ ఆ గుప్పెడూ పాటలుగానే మిగిలాయి.

ఇది అగ్రహారాల్లో పెరిగిన సంప్రదాయం, చాలాకాలం మగవాళ్ల గోష్ఠి. ఇవాళ ఆడవాళ్ల భజన మండళ్లు ఇవే పాటలు పాడుతున్నాయి. చాలామంది చేతిలో ఉండేది తమిళ లిపిలో అచ్చయిన పుస్తకం. తమిళంలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే. అందుకని అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు. 3 కనబడితే ‘గ’ అనాలి. గోష్ఠిలో పెద్దవాళ్లకు ఆ అంకెలతో పని లేదు. పక్కన కూర్చున్న పిల్లకే కావాలి. ఆ పిల్ల వేలుతో అంకె వెంబడి నడుస్తూ, తనది కాని భాషలో రాముణ్ణి తప్పు లేకుండా పిలవడం నేర్చుకుంటుంది.