బుల్లెట్టు తోక ఊపిన మలుపు

మా ఇంట్లో 2007 నుంచీ ఒక కేసు నడుస్తోంది. కోర్టు కేసు కాదు లెండి. ముద్దాయి మా చిన్నాయన. నేరం, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక మలుపు దగ్గర బుల్లెట్టు మీంచి పడటం. ఆయన ఎడమ మోకాలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. ఆయన వాంగ్మూలం మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే: "నేను స్పీడు పోలేదబ్బా, బండే తోక ఊపింది." ఊరి తీర్పు, తాగుంటాడు. మా అవ్వ తీర్పు, దిష్టి. మా నాయన తీర్పు, "తోలేది రానోడికి బుల్లెట్టు యాల?" మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, యూజర్ ఎర్రర్ అని రాసి టికెట్ మూసేశారు.

నేను మెకానికల్ చదివి జావాలో పడ్డవాణ్ణి (మైసూరులో తయారైన జావా బండి కాదు, మన అన్నం పెట్టే జావా). లాగులు చూడకుండా టికెట్ మూసేస్తే నాకు నిద్ర పట్టదు. అందుకని ఈ మధ్య కాస్త తవ్వాను. తవ్వితే తేలిందేమిటంటే, చిన్నాయన చెప్పిన మాట బుల్లెట్టు తయారుచేసినవాళ్ళకి నాకంటే చాలా ముందే తెలిసిన విషయం.

కథ బండి వెనక చక్రం దగ్గర మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధం దాకా చాలా మోటారుసైకిళ్ళకి వెనక స్ప్రింగులు ఉండేవి కావు. చక్రాన్ని నేరుగా ఫ్రేముకే బిగించేవాళ్ళు. గుంతలో పడితే నడుం విరిగేది గానీ, వెనక చక్రం పక్కకి కదలడానికి సందే ఉండేది కాదు. ఇంగ్లండులో రెడిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1948లో కొత్త బుల్లెట్టుని పోటీల్లోకి దించింది. దానికి వెనక స్వింగ్ ఆర్మ్ ఉంది, అంటే ఫ్రేముకి కీలుతో తగిలించి పైకీ కిందకీ ఊగే ఫోర్కు. నడుముకి హాయి వచ్చింది. హాయితో పాటు ఒక కీలు వచ్చింది. కీలు అన్నాక అరుగుతుంది కదా.

అదే రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో విల్సన్ జోన్స్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఒంటి జాడ బళ్ళు ఎలా తిరుగుతాయి, ఎందుకు నిలబడతాయి అన్నదాని మీద ఆయన 1951లో బ్రిటన్ మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పత్రం పెట్టాడు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంటారు. అది చదివాక నాకు కలిగిన మొదటి ఆలోచన: ఈ కంపెనీ బండే కదా మద్రాసు తిరువొత్తియూరులో తయారై మా మదనపల్లె సంతకి వచ్చింది! 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. ఇంగ్లండులో ఆ పాత బుల్లెట్టు 1960లలో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం అదే మూలం మీద దశాబ్దాల పాటు సాగింది. బండి వచ్చింది గానీ ఆ పత్రం ఎవరూ తేలేదు.

అప్పట్లో మిగతావాళ్ళు ఊరుకున్నారా అంటే లేదు. బెల్ఫాస్ట్‌లో మెక్‌కాండ్‌లెస్ అన్నదమ్ములు స్వింగ్ ఆర్మ్‌కి తగ్గట్టు మెలిపడని గట్టి ఫ్రేము తయారుచేశారు. నార్టన్ కంపెనీ దాన్ని 1950లో రేసుల్లోకి దించితే ఆ ఏడాదే జెఫ్ డ్యూక్ ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ గెలిచాడు. ఇంజను పాతదే, మారింది ఫ్రేము. దీనికి తలకిందులు కథ జపాను వాళ్ళది. 1969లో కవాసాకి మూడు సిలిండర్ల 500 సీసీ బండికి 60 హార్స్‌పవర్ ఇచ్చింది, దాన్ని మోసే ఫ్రేము గురించి అంత ఆలోచించలేదు. దానికి అమెరికాలో పడిన ముద్దుపేరు "విధవల్ని చేసేది". ఆ పేరు బండికి పెట్టారు, తోలేవాడికి కాదు. చూశారా తేడా?

ఇంతకీ బండి ఎందుకు ఊగుతుంది? లెక్కలు 1899లోనే మొదలయ్యాయి. కేంబ్రిడ్జిలో విపుల్ అనే కుర్రాడు సైకిలు కదలికకి సమీకరణాలు రాశాడు. మోటారుసైకిలు సంగతి స్పష్టంగా తేల్చింది మాత్రం 1971లో రాబిన్ షార్ప్. ఆయన లెక్కలో టైరుకి ప్రాణం వచ్చింది. హ్యాండిల్ తిప్పగానే టైరు పక్కకి తొయ్యదు, కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్ని కలిపితేనే ఊగుళ్ళు లెక్కలోకి వచ్చాయి. ఊగుళ్ళు ముఖ్యంగా రెండు. ఒకటి తల ఊపుడు: ముందు చక్రం, హ్యాండిల్ సెకనుకి 7 నుంచి 10 సార్లు గిలగిల కొట్టుకుంటాయి. సూపర్ మార్కెట్ తోపుడు బండి చక్రం కొట్టుకోవడం చూసే ఉంటారు, అదే జాతి. రెండోది తోక ఊపుడు: మొత్తం బండి, ముఖ్యంగా వెనక భాగం, సెకనుకి 2 నుంచి 4 సార్లు పాములా మెలికలు తిరుగుతుంది. తల ఊపుడికి హ్యాండిల్‌కి డ్యాంపర్ బిగిస్తే తగ్గుతుంది. తమాషా ఏమిటంటే ఆ డ్యాంపరే తోక ఊపుడిని పెంచగలదు. ఒక బగ్ సరిచేస్తే ఇంకోటి లేస్తుంది, మనకి కొత్తేం కాదు.

1974లో షార్ప్ ఫ్రేము మెలిపడటాన్ని కూడా లెక్కలో పెట్టాడు. వెనక ఫోర్కు వదులైతే తోక ఊపుడు చల్లారదని తేలింది. ఇక్కడ నాదొక చిన్న లెక్క. స్వింగ్ ఆర్మ్ బుష్షులు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. అరిగిపోయి 1 మిల్లీమీటరు సందు వచ్చిందనుకోండి. అర మీటరు వెనకున్న ఇరుసు దగ్గర అది 2.5 మిల్లీమీటర్లవుతుంది. అంటే వెనక చక్రం కూడా తనంతట తాను స్టీరింగ్ తిప్పుతోందన్న మాట. దానికి మీ పర్మిషన్ అక్కర్లేదు.

తిన్నని రోడ్డు మీద ఇది పెద్దగా బయటపడదు. అసలు గొడవ మలుపులో. డచ్ ఇంజనీరు కోనెన్ 1983లో డెల్ఫ్ట్‌లో తన పరిశోధనలో దీన్ని లెక్కగట్టాడు. బండి నిటారుగా ఉన్నప్పుడు గుంత తగిలితే పైకీ కిందకీ ఎగురుతుంది, అంతే. వాలి ఉన్నప్పుడు ఆ ఎగురుడే పక్కవాటు తోపు అవుతుంది. స్ప్రింగుల ఊగుడు, తోక ఊపుడు ఒకదానికొకటి ముడిపడతాయి. రోడ్డు మీది అలలు సరిగ్గా ఆ తాళంలో వస్తే, ఉయ్యాలని ఊపినవాడే మళ్ళీ మళ్ళీ ఊపినట్టు. గంటకి 54 కిలోమీటర్లంటే సెకనుకి 15 మీటర్లు. రోడ్డు ప్రతి 5 మీటర్లకీ ఒకసారి లేచి దిగుతుంటే సెకనుకి 3 సార్లు. తోక ఊపుడికి సరిపోయే సంఖ్య! వేగం అక్కర్లేదు, తాగుడు అంతకన్నా అక్కర్లేదు.

మా దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి పోయే రోడ్డది, అప్పట్లో 219, ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారి. కుప్పం వైపు నుంచి గ్రానైటు బండలేసుకుని లారీలు తిరిగే రోడ్డు. బరువు లారీలు బ్రేకు వేసే చోట తారు ఎలా అలలు తేలుతుందో మీకు తెలుసు. అవి బ్రేకు వేసేది మలుపు ముందరే.

చిన్నాయన బండిని ఆ ఏడాదే కుప్పం అతనికి అమ్మేశారు. పోయిన నెల వెళ్ళి వెతికాను. బండి ఇంకా నడుస్తోంది. "మలుపులో కొంచెం తోక ఆడిస్తాది సార్, అలవాటైపొయ్యింది, నలభై దాటను" అన్నాడు ఆయన నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను. బతిమాలి మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. చైను తీసి, షాకులు విప్పి, వెనక ఫోర్కు పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమని చప్పుడు. బుష్షు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. అది 2007 నాటిదేనని ప్రమాణం చేసి చెప్పలేను, మధ్యలో ఎన్ని చేతులు పడ్డాయో. కొత్త బుష్షులు వేయించి, నడిపి చూసి, ఆయనకి తాళం ఇచ్చేశాను.

పాత బుష్షు జేబులో వేసుకుని మదనపల్లె వచ్చి చిన్నాయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. సాయంత్రం మా నాయన కాఫీ తాగుతుంటే ఎదురుగా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.